సహజ వెంట్రుకల బ్రష్, ఫ్లోరైడ్ లేని పేస్ట్: వాడినవాళ్లు చెప్పండి

వెన్నెలమెట్టు
ప్లాస్టిక్ తగ్గిద్దామని మూడు నెలల కిందట చెక్క పిడి ఉన్న బ్రష్ ఒకటి తెచ్చుకున్నాను. డబ్బా మీద "సహజమైన బ్రిసిల్స్" అని ఉంది. మొదటి వారం బాగానే ఉంది. తరవాత చూస్తే, పొద్దున తోముకుని పెట్టినది రాత్రికి కూడా కుచ్చు మొదట్లో తడిగానే ఉంటోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన కుక్కపిల్ల వాసన. దానికితోడు నిన్న ఒక వెంట్రుక ఊడి కింది పళ్ల వెనకాల చిగుట్లో గుచ్చుకుంది. అద్దం ముందు నోరు తెరుచుకుని పావుగంట వెతికితే గానీ దొరకలేదు. ఇది మామూలేనా, నాకే ఇలా అయిందా? పేస్ట్ కూడా మార్చాలని ఉంది. ఫ్లోరైడ్ లేనివి వాడేవాళ్ల పళ్లు ఎలా ఉన్నాయి?

పాతబ్రష్
మామూలేనండీ. ఆ వెంట్రుకలు దాదాపుగా పందివే. వెంట్రుక లోపల సన్నటి బోలు ఉంటుంది, తడి అక్కడ దాక్కుంటుంది. నైలాన్ పోగులో ఆ గొడవ లేదు. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌తో బ్రష్‌లు వచ్చేదాకా అందరికీ ఇవే దిక్కు. చలి ప్రాంతాల పందుల వెంట్రుక గట్టిగా ఉంటుందని చైనా, సైబీరియాల నుంచి తెప్పించేవాళ్లు. నేను ఏడాది పాటు వాడాను. రెండు బ్రష్‌లు పెట్టుకుని రోజు మార్చి రోజు తోముకుంటే వాసన తగ్గింది. కానీ కొసల సంగతి వేరు. భూతద్దంలో చూస్తే ఒక్కో వెంట్రుక చివర చీపురుపుల్లలా చీలిపోయి ఉంది. మంచి నైలాన్ బ్రష్‌కి కొసలు గుండ్రంగా అరగదీసి ఇస్తారు. అది చూశాక మానేశాను.

చిగురుటాకు
పందివా!! నేను పూర్తి శాకాహారిని. అమ్మినవాళ్లని దేని వెంట్రుకలని అడిగితే "నేచురల్ మేడమ్" అన్నారు, అంతే. ఎనిమిది నెలలు నోట్లో పెట్టుకున్నాను. ఇప్పుడు వెదురు బ్రష్ వాడుతున్నాను, అది పూర్తిగా మట్టిలో కలిసిపోతుందట.

పాతబ్రష్
చిగురుటాకు గారూ, వెదురు పిడికే. కుచ్చు మాత్రం చాలా వాటిలో నైలానే. ఆముదం నుంచి తీసినదని రాసినా అదీ నైలాన్ జాతిదే, మట్టిలో కుళ్లదు. వాడటానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది, దిగులు పడకండి.

పళ్లికిలింపు
నా కథ వినండి. తెల్లబడతాయని బొగ్గు పొడితో అయిదు నెలలు తోమాను, అదీ గట్టి బ్రష్‌తో. మొదటి నెల నిజంగానే తెల్లగా కనిపించాయి. పైన మరక పోయినట్టుంది. నాలుగో నెలకి చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని నషాళానికి అంటేది. డాక్టర్ చిన్న అద్దం పెట్టి చూపించారు. చిగురు పక్కన పన్ను మొదట్లో గోరుతో గీసినట్టు గాడి. పన్ను పైపొర ఎనామెల్ అరిగి లోపలి పొర డెంటిన్ కనిపిస్తోందట, దాని రంగే పసుపట. తెల్లటి పళ్ల కోసం బయల్దేరి పచ్చ పళ్లతో ఇంటికొచ్చాను. పోయిన ఎనామెల్ మళ్లీ పెరగదు కూడా.

ఓపికలేదు
భయపెట్టకండి బాబూ. కొబ్బరినూనెలో వంట సోడా కలుపుకుని రెండేళ్లుగా తోముతున్నాను. నాకేం కాలేదు. ఫ్లోరైడ్ విషం.

గాజుగ్లాసు
నేనూ అదే మిశ్రమం, అవే రెండేళ్లు. మూడు పళ్లు పుచ్చాయి. మీ అదృష్టం మీది.

తెల్లకోటు_పక్కన
పదకొండేళ్లుగా పంటి క్లినిక్‌లో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను, వైద్యం మాత్రం మీ డాక్టర్ దగ్గరే.

వంట సోడా మెత్తటిదే. పేస్ట్ పళ్లని ఎంత అరగదీస్తుందో ఆర్‌డీఏ అనే అంకెతో కొలుస్తారు, పైహద్దు 250. ఉత్తి వంట సోడాకి వచ్చేది 7 దగ్గర. పైగా అది క్షారం కాబట్టి నోట్లో పులుపు తగ్గిస్తుంది. ఓపికలేదు గారి పళ్లు అరక్కపోవడంలో వింత లేదు. కానీ పుచ్చు పట్టే దారి వేరు. పాచిలోని బ్యాక్టీరియా చక్కెర తిని ఆమ్లం వదులుతుంది. పీహెచ్ (పులుపు కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కన్నా దిగితే ఎనామెల్‌లోంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. ఆ ఖనిజాన్ని మళ్లీ పన్నులో కూర్చడానికి లాలాజలానికి ఫ్లోరైడ్ సాయపడుతుంది. నూనె, సోడా, మట్టి, బొగ్గు ఈ పని చెయ్యవు. ఒకరి లాలాజలం మంచిది, ఒకరు తీపి తక్కువ తింటారు, వాళ్లు బతికిపోతారు. గాజుగ్లాసు గారికి ఆ వెసులుబాటు దొరకలేదేమో.

విషం మాటకొస్తే, అంతా మోతాదులోనే ఉంది. ట్యూబ్ మీద ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) మధ్య ఉందో లేదో చూసుకోండి. మూడేళ్ల లోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీగింజంత చాలు. తోమాక ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే వేసుకున్న ఫ్లోరైడ్ సింకులోకి పోయినట్టే. ఈ ఒక్క మాట రోజూ చెప్తాను, వినేవాళ్లు తక్కువ.

ఫ్లోరైడ్ వద్దే వద్దనుకుంటే కాస్త ఆధారం ఉన్నది హైడ్రాక్సీఅపటైట్ పేస్ట్. ఎనామెల్ తయారైనదీ ఆ జాతి ఖనిజంతోనే. జపాన్‌లో 1993లోనే పుచ్చు నివారణకి గుర్తించారు. అయినా ఫ్లోరైడ్ మీద జరిగినంత పరిశీలన దీని మీద జరగలేదు.

నోటిపూత
నాది వేరే బాధ. నెలకి రెండుసార్లు నోరు పూసేది. పేస్ట్‌లో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదని విని, అది లేని ఫ్లోరైడ్ పేస్ట్‌కి మారాను. నురగ రాదు, మొదట్లో ఏమీ తోముకోనట్టే ఉంటుంది. పూత మాత్రం బాగా తగ్గింది. అందరికీ తగ్గుతుందని చెప్పలేను. "ప్రత్యామ్నాయం" అంటే ఫ్లోరైడ్ తీసెయ్యడమే కానక్కర్లేదు కదా!

గాజుగ్లాసు
లవంగ నూనె నేరుగా చిగుళ్లకి రాసేవాళ్లుంటే ఆగండి. నాకు తెల్లగా తోలు లేచింది. ఇంకోటి, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న పేస్ట్ కుక్కకి అందకుండా పెట్టండి, వాటికి ప్రమాదం.

ఓపికలేదు
సరే, ఎక్స్‌రే తీయించుకుంటాను. వచ్చి చెప్తా.

వెన్నెలమెట్టు
అందరికీ థాంక్స్. చదివాక అనుమానమొచ్చి ఒక వెంట్రుక పీకి పట్టకారుతో అగ్గిపుల్ల మంటలో పెట్టాను. ముడుచుకుని నల్లటి పొడైపోయింది. వాసనకి మా ఆయన పక్కగదిలోంచి "ఎవరి జుట్టు కాలింది?" అని పరిగెత్తుకొచ్చాడు. జంతువు వెంట్రుకే, అనుమానం లేదు. మా పిల్లది వెదురు బ్రష్, "100 శాతం మట్టిలో కలుస్తుంది" అని రాసి ఉంది. దాని పోగూ మంటలో పెడితే కరిగి, కొసన ఆవగింజంత గట్టి పూస కట్టింది. పిడి ఎరువు గుంటలో వేసే ముందు కుచ్చంతా పట్టకారుతో లాగాను. ఒక్కో కుచ్చు మొదట్లో బుల్లి లోహపు ముక్క కూడా ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది, రెండు కుచ్చులు ఇంకా రాలేదు. ఆ రెండు ఎలా లాగాలో ఎవరికైనా తెలుసా?