“255 అక్షరాలు” అనొచ్చా? ఫైలు పేరు హద్దుకు తెలుగు మాట

పదకోశం:
ఒక చిన్న కమాండుకు తెలుగు సందేశాలు రాస్తున్నాం. ఫోల్డరు చూపిస్తే అక్కడి ఫైల్‌సిస్టమ్ హద్దులు చెబుతుంది. లోపల పనిచేసేది సీ భాషలో పిలిచే పాత్‌కాన్ఫ్, అంటే ఫలానా చోట హద్దు ఎంతో అడిగి తెచ్చే ఫంక్షన్. రెండు వాక్యాల దగ్గర పేచీ వచ్చింది. ఒకటి, “ఫైలు పేరు 255 అక్షరాలకు మించకూడదు.” రెండోది, పాత్‌కాన్ఫ్ -1 ఇచ్చినప్పుడు చూపే “అపరిమితం” అన్న మాట. వినడానికి రెండూ బాగానే ఉన్నాయి. ఉంచేద్దామా?

యతిమైత్రి:
మొదటిది ఉంచకండి. తెలుగులో అక్షరానికి ఎప్పటినుంచో పక్కా లెక్క ఉంది. “స్త్రీ” ఒక అక్షరం, అందులో వర్ణాలు నాలుగు. “స్వాతంత్ర్యం” మూడు అక్షరాలు. ఉత్పలమాల పాదానికి 20, చంపకమాలకు 21 అని లెక్కపెట్టేది ఈ అక్షరాలనే. మీ వాక్యం చదివినవాడు మూడు ఉత్పలమాలలు, అంటే 240 అక్షరాలు, ఒక ఫైలు పేరులో ఇమిడిపోతాయనుకుంటాడు.

సీకోడు:
మూడు కాదండీ, ఒక్కటి కూడా పట్టదు. లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4, అందులో పేరు హద్దు 255 బైట్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఏదైనా, హల్లు, గుణింతం, పొల్లు, సున్నా, ప్రతిదీ 3 బైట్లు తింటుంది. అంటే మొత్తం 85 గుర్తులు. ఉత్పలమాల పాదంలో గురువులు ఎనిమిది. గురువు కావాలంటే దీర్ఘమో, సున్నానో, పక్కన జంటాక్షరమో ఉండాలి, అంటే ఇంకో గుర్తయినా తప్పదు (పదం మొదట్లో వచ్చే ఆ, ఈ లాంటివి వదిలేస్తే). 20కి 8 కలిపి, 3తో గుణిస్తే 84. నాలుగు పాదాలకు 336. గుడి, కొమ్ము, ఖాళీలు ఇంకా లెక్కలోకే రాలేదు.

“స్త్రీ”: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరు గుర్తులు, 18 బైట్లు. “స్వాతంత్ర్యం” 36 బైట్లు. ఏడుసార్లు రాస్తే 252, పేరు నిండిపోయినట్టే. “సాఫ్ట్‌వేర్” మధ్యలో కంటికి కనపడని విడదీత గుర్తుకు కూడా 3 బైట్లు.

పదకోశం:
అయితే “255 బైట్లు” అని మార్చేస్తే సరిపోతుందా?

సీకోడు:
బైట్లు అన్న మాట సరే, 255 అన్న అంకెను సందేశంలో పాతేయకండి. పాత్‌కాన్ఫ్ ఉన్నదే అందుకు. దారి ఇచ్చి అడగాలంటే పాత్‌కాన్ఫ్, ఫైలు ముందే తెరిచి ఉంటే ఎఫ్‌పాత్‌కాన్ఫ్. రెండో ఆర్గ్యుమెంటు _పీసీ_నేమ్_మ్యాక్స్, అంటే పేరు హద్దు కావాలని. ఫోల్డరు మారితే జవాబూ మారొచ్చు. ఫైళ్లను గుప్తీకరించే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లో పేర్లను కూడా గుప్తీకరిస్తే మిగిలేది 143 బైట్లే, తెలుగులో 47 గుర్తులు.

వీఫ్యాట్ అనే ఫైల్‌సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవు సంగతి ఇంకా తమాషా. అడిగితే లినక్స్ 1530 అంటుంది. డిస్కు మీద అసలు హద్దు 255 పదహారు బిట్ల యూనిట్లు. ఒక్కోదానికి గరిష్ఠంగా 6 బైట్లు పట్టొచ్చని కెర్నెల్ గుణించి చెబుతుంది. తెలుగు గుర్తుకు ఒక యూనిట్టు చాలు కాబట్టి అక్కడ 255 గుర్తులు, అంటే 765 బైట్ల పేరు పడుతుంది. అదే ఫైలును ఈఎక్స్‌టీ4లోకి కాపీ చేస్తే ఈనేమ్‌టూలాంగ్ (పేరు మరీ పొడవు) అన్న తప్పు వస్తుంది. కాబట్టి వచ్చిన అంకె బఫరు (పేరును ఉంచే మెమరీ జాగా) కొలతకు పనికొస్తుంది గానీ, “ఇంత పొడవు పేరు పెట్టుకోవచ్చు” అని మాట ఇవ్వడానికి కాదు.

పదకోశం:
“అపరిమితం” సంగతి?

సీకోడు:
అది ఇంకా పెద్ద తప్పు. -1 రెండు సందర్భాల్లో వస్తుంది: పిలుపు విఫలమైనప్పుడు, హద్దు ఇంతని నిర్ణయించి లేనప్పుడు. విడదీయాలంటే పిలిచే ముందు ఎర్‌నోను, అంటే జరిగిన తప్పు సంఖ్య ఉండే చరరాశిని, 0 చేయాలి. -1 వచ్చాక చూస్తే అది ఇంకా 0గానే ఉంటే నిర్ణయం లేదని, మారితే తప్పు జరిగిందని. ముందు 0 చేయకపోతే ఎప్పటిదో పాత తప్పును ఇప్పటిదిగా చూపిస్తారు. నిర్ణయం లేనంత మాత్రాన అనంతమని కాదు.

ఇక్కడ చాలా ప్రోగ్రాములు పడే గుంట ఒకటుంది. పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటు కోసం, వచ్చిన విలువకు 1 కలిపి నేరుగా మెమరీ కేటాయించే మాలాక్‌కు ఇచ్చేస్తారు. -1 వస్తే అది మాలాక్(0), అంటే సున్నా బైట్ల జాగా. పేరు కాపీ చేయగానే పక్క మెమరీ చెడుతుంది. ముందు విలువను లాంగ్ రకం చరరాశిలోకి తీసుకుని, రుణమా కాదా చూసి, ఆ తర్వాతే 1 కలపాలి. మొత్తం దారి పొడవు హద్దయిన పాత్ మ్యాక్స్‌కైతే ఆ 1 అక్కర్లేదు. లినక్స్ హెడరులోని 4096లో చివరి సున్నా కూడా కలిసే ఉంటుంది.

యతిమైత్రి:
అయితే “ఇదమిత్థంగా చెప్పలేం” అన్నది దీనికి అచ్చంగా సరిపోతుంది.

పదకోశం:
అర్థం సరే, తెర మీద బరువుగా ఉంటుంది. “హద్దు ఇంతని చెప్పలేదు” అంటే?

సీకోడు:
బాగుంది. హద్దులకు మాత్రమే వాడండి. _పీసీ_నో_ట్రంక్ (పొడవైన పేరును కత్తిరించకుండా తప్పు చూపే సదుపాయం ఉందా అని అడిగేది) లాంటి ఆప్షన్లకు అదే -1, ఎర్‌నో 0గా ఉండగా వస్తే, ఆ సదుపాయం లేదనే అర్థం. ఒకే అంకెకు రెండు తెలుగు వాక్యాలు కావాలి. పైగా “కత్తిరించకపోవడం: లేదు” అని రాస్తే ఎవరికీ బుర్రకెక్కదు. “పేరు పొడవైతే: తప్పు చూపుతుంది”, “పేరు పొడవైతే: తోక కోస్తుంది” అని రాయండి.

యతిమైత్రి:
తోక కోసేటప్పుడు అక్షరం విరగదా?

సీకోడు:
విరుగుతుంది. చివర డాట్ టీఎక్స్‌టీకి 4 బైట్లు పోతే మిగిలేది 251. అందులో 83 గుర్తులు, అంటే 249 బైట్లు, పోను రెండు బైట్లు ముక్కలుగా మిగులుతాయి. కోత పెట్టే చోటి బైటు విలువ 128 నుంచి 191 లోపు ఉన్నంతసేపు కోతను వెనక్కి జరిపితే గుర్తు విరగదు. అయినా “స్త్రీ” కాస్తా “స్త్” అయ్యే ప్రమాదం ఉంది, పొల్లు చివర్లో పడితే ఇంకా వెనక్కి జరగాలి. ఇంకొకటి, “హైదరాబాద్” మామూలుగా 27 బైట్లు. మ్యాక్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఐత్వాన్ని రెండు గుర్తులుగా విడగొట్టి దాస్తుంది కాబట్టి అక్కడినుంచి వచ్చిన పేరు 30 బైట్లు. చూపుకు ఒకటే, లినక్స్‌కు రెండు వేరే ఫైళ్లు.

పదకోశం:
సరే, ఇలా మారుస్తున్నాను: “ఈ ఫోల్డరులో ఫైలు పేరు హద్దు: 255 బైట్లు (తెలుగులో సుమారు 85 గుర్తులు).” మొదటి అంకె అడిగి తెచ్చింది, రెండోది దాన్ని 3తో భాగిస్తే వచ్చింది.

సీకోడు:
వీఫ్యాట్‌లో ఆ బ్రాకెట్ తీసేయండి. 1530ని 3తో భాగిస్తే 510 వస్తుంది, అక్కడ పట్టేది 255.