కాలనీ కుక్కల సరదా పోటీ: టీకా కార్డు లేని కుక్కను రింగులోకి రానివ్వాలా?

పగ్గం
ఫిబ్రవరి మొదటి ఆదివారం ఉదయం 7 నుంచి 9 దాకా, క్లబ్‌హౌస్ వెనక గడ్డిలో మన పెంపుడు కుక్కల సరదా పోటీ. కెన్నెల్ క్లబ్ షో కాదు, జాతి చూడం, పెడిగ్రీ (వంశావళి) కాగితం అడగం. తోక ఊపుడు, పిలిస్తే రావడం, ఓనరు పోలిక, ముసలి కుక్కల నడక. ఈ నాలుగే. కచ్చితమైన రూలు: యాంటీ రేబిస్, డీహెచ్‌పీపీఐ (డిస్టెంపర్, పార్వో లాంటి కుక్కల అంటువ్యాధులకు వేసేది) రెండూ ఏడాదిలోపు వేయించిన కార్డు. అందులో సీసా స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో రాసుకొస్తే చెల్లదు. నాలుగు నెలలు నిండని పిల్లలు, ఎదలో ఉన్న ఆడకుక్కలు వద్దు. అభ్యంతరాలుంటే ఇక్కడే చెప్పండి.

బ్రూనో వాళ్ళ నాన్న
పరుగు పందెం లేకుండా పోటీ ఏంటండీ? పిల్లలు చూసేదే అది. 50 అడుగులు, అటు చివర ఓనరు పిలుస్తాడు, అంతే కదా.

పగ్గం
అంతే కాదు. పరుగంటే లీష్ తీయాలి. ఒకటి వెంటపడితే ముందున్నది తిరగబడుతుంది, పందెం కాస్తా పోట్లాట అవుతుంది. పేరిచ్చినవాటిలో పగ్గులు, షిట్జూలు చాలా ఉన్నాయి. కుక్క ఒంట్లో వేడి దిగేది ముఖ్యంగా రొప్పడంతోనే. పగ్గుకు ముక్కు పొట్టి, గాలిదారి ఇరుకు. రొప్పేకొద్దీ గొంతు వాచి అందే గాలి ఇంకా తగ్గుతుంది. మామూలు ఒళ్ళు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 105 దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. డ్రెస్సుల పోటీ పెట్టనిదీ అందుకే. 'పిలిస్తే రావడం' మాత్రం ఒక్కో కుక్కతో విడిగా, 15 అడుగుల తాడు కట్టి చేయిస్తాం.

సీ 404
డ్రెస్సుల పోటీ లేదా? పట్టులంగా కుట్టించేశానే.

తెల్లారి నడక
మైకు పెడితే చిన్నది పెట్టండి. డప్పులైతే అసలొద్దు. ఇంకోటి, బహుమతి లడ్డూలు కుక్కలకు అందేచోట పెట్టకండి, కిస్మిస్ వాటి కిడ్నీలకు చేటు.

ఊరకుక్క
గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళ రాణి పేరు లిస్టులో లేదు. వాళ్ళబ్బాయి ఇచ్చాడు, కార్డు లేదని తిప్పి పంపారట. దానికి చెవి కోత ఉంది. మున్సిపాలిటీవాళ్ళు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కోసినప్పుడే రేబిస్ టీకా వేస్తారు. ఇంకేం కార్డు?

పగ్గం
చెవి కోత చూస్తే ఆపరేషన్ అయిందని తెలుస్తుంది, ఏ సంవత్సరమో తెలీదు. యాంటీ రేబిస్ ఏడాదికోసారి వేయించాలి. కోత ఒక్కసారే.

ఊరకుక్క
సరే, మరి స్టిక్కరు సంగతి? జూలై 6న, జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) అని ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు కదా, అక్కడ వాడేది తరచుగా 10 డోసుల సీసా. దానికి లేబులు ఒక్కటి, కుక్కలు పది. ఒక కార్డుకు అతికిస్తే మిగతా తొమ్మిదింటికీ బ్యాచ్ నంబరు చేత్తో రాయాల్సిందే. ఒక్కో డోసు సీసాతో ప్రైవేటు క్లినిక్‌లో వేయించినవాళ్ళకే మీ స్టిక్కరు రూలు పనికొస్తుంది.

బ్రూనో వాళ్ళ నాన్న
స్టిక్కరు లేకపోతే టీకా ఫ్రిజ్‌లో ఉందో, ఎండలో ఉందో ఎవరికి తెలుసు?

ఊరకుక్క
స్టిక్కరుంటే తెలుస్తుందా? దాని మీద బ్యాచ్, గడువు తేదీ ఉంటాయి. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచారని స్టిక్కరు చెప్పదు.

పగ్గం
ఇది ఒప్పుకోవాలి. క్యాంపు ముద్ర, చేత్తో రాసిన బ్యాచ్ నంబరు ఉన్నా తీసుకుంటాం. కానీ రాణికి అదీ లేదు.

బ్రూనో వాళ్ళ నాన్న
ఇప్పుడు వేయించినా లాభం లేదు. మొదటి డోసు పనిచేయడానికి 28 రోజులు. మనకు 16 రోజులే ఉంది.

ఊరకుక్క
మొదటి డోసుకే ఆ లెక్క. చెవి కోత ఉందంటే ఒక డోసు పడ్డట్టే, ఇప్పుడు వేసేది బూస్టరు. దానికి అన్ని రోజులు ఆగక్కర్లేదు. ఇక డీహెచ్‌పీపీఐ అంటారా? మీ కుక్కలన్నిటికీ వేసుంది, చిన్న కుక్కపిల్లల్ని రానివ్వట్లేదు. పార్వో భయం ఉంటే రాణికే ఉండాలి.

సీ 404
కుక్క నుంచి కుక్కకు అంటుకునే కెన్నెల్ దగ్గు సంగతి?

పగ్గం
ఆ రెండు టీకాలతో అది పూర్తిగా ఆగదు. దగ్గే కుక్కను ఇంట్లోనే ఉంచండి, ఎవరి నీళ్ళ గిన్నె వాళ్ళు తెచ్చుకోండి.

బ్రూనో వాళ్ళ నాన్న
ఇంతసేపూ టీకాలు, స్టిక్కర్లు. అసలు మాట నేనే చెప్తా. ఇది ఫ్యామిలీ పెట్స్ పోటీ. అది గేటు కుక్క. దాన్ని రానిస్తే రేపు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడుకునేవి కూడా వస్తాయి. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మేము.

ఊరకుక్క
ఇప్పుడు బయటపడింది. వాచ్‌మన్‌ది ఫ్యామిలీ కాదా సార్? అది వాళ్ళ గదిలో పడుకుంటుంది, వాళ్ళన్నమే తింటుంది.

బ్రూనో వాళ్ళ నాన్న
మాటలు జాగ్రత్త. నేనలా అనలేదు.

తెల్లారి నడక
అన్నారు సార్. పైకి జరిపి చదువుకోండి.

పగ్గం
ఇద్దరూ ఆగండి. ఫ్లాటు కుక్కే రావాలని నేను రాయలేదు. పిలిచేవాళ్ళుండాలి, పేరుకు పలకాలి, లీష్ మీద నడవాలి. అది చాలు. ఎన్‌క్లోజర్ 40 అడుగులకు 30. తాడు చాలదు, వెదురు దడి కడుతున్నాం. లోపలికి ఒక దారి, బయటికి ఇంకోటి. ఇరుకుదారిలో ఎదురుపడ్డప్పుడే ఎక్కువ గొడవలు. కుక్కకూ కుక్కకూ ఆరడుగులు. సాగే లీష్‌లు తేవద్దు, లాక్ జారితే ఆ సన్న తాడు చర్మం కోస్తుంది. పోట్లాడితే మధ్యలో చేతులు పెట్టకండి. రెండు ప్లైవుడ్ ముక్కలు, బకెట్ నీళ్ళు ఉంచుతున్నాం. పన్ను దిగితే సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అప్పుడు ఆస్పత్రికి. రాణి టీకా బుధవారం, డాక్టరుతో మాట్లాడాను.

బ్రూనో వాళ్ళ నాన్న
బ్రూనో పేరు తీసేయండి. కట్టిన 200 తిరిగివ్వండి.

సీ 404
అన్నా, ముసలి కుక్కల నడకలో ఇంక బ్రూనో, మా చిన్నీ రెండే ఉన్నాయి. మీరు తీసేస్తే మేమొక్కళ్ళమే నడవాలి.

పగ్గం
ఊరకుక్క గారూ, రాణికి లీష్ అలవాటుందా?

ఊరకుక్క
లేదండీ. తాడు చూస్తే బోర్లా పడుకుంటుంది.

పగ్గం
అయితే రేపటి నుంచే మొదలుపెట్టండి. మెడకు కాదు, ఛాతీకి కట్టే హార్నెస్ తీసుకోండి. మొదటి రెండు రోజులు ఊరికే ముందు పెట్టి, పక్కన అన్నం పెట్టండి. తర్వాత తొడిగి ఐదు నిమిషాలు, లాగకుండా. నాలుగో రోజు లీష్ తగిలించి వదిలేయండి, అదే ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పట్టుకోవడం ఆ తర్వాతే. వాళ్ళబ్బాయికి ఎన్నేళ్ళు?

ఊరకుక్క
పదమూడు.

పగ్గం
సరిపోతుంది. పేరు రాసుకున్నా.