అప్‌డేట్: విదేశీ అనుభవంతో స్వదేశంలో ఉద్యోగం దొరికింది

నాలుగు నెలల క్రితం ఒక ప్రశ్న అడిగాను. ఆరేళ్లు విదేశంలో సప్లై చెయిన్ ప్లానింగ్‌లో (సరుకు ఎప్పుడు, ఎంత, ఎక్కడికి కావాలో ముందే లెక్కవేసే పని) పనిచేసి సొంత దేశానికి వచ్చేస్తున్నాను, ఇక్కడ ఆ అనుభవానికి విలువ ఉంటుందా అని. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. పోయిన వారం ఆఫర్ లెటర్ చేతికొచ్చింది.

మొదటి రెండు నెలలు ఒక్క కాల్ కూడా రాలేదు. చాలా టెన్షన్ పడ్డాను. లోపం నా రెజ్యూమెలోనే ఉంది. పాత కంపెనీల పేర్లు, నా హోదాలు మాత్రమే రాశాను. ఆ కంపెనీలు ఏం చేస్తాయో, అక్కడి హోదా ఇక్కడ ఏ స్థాయికి సమానమో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఒక్కో కంపెనీ కింద ఒక లైన్‌లో ఆ వివరం, నా టీమ్‌లో ఎంతమంది ఉండేవారో రాశాక కాల్స్ మొదలయ్యాయి. శాశ్వతంగా తిరిగి వచ్చేశానని పైనే రాయడం ఇంకా బాగా పనిచేసింది. ఎందుకంటే ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగింది అదే: మళ్లీ వెళ్లిపోతారా?

పాత జీతాన్ని మారకపు రేటుతో లెక్కగట్టి చెప్పడం మానేశాను. ఇక్కడ ఈ పనికి ఎంత ఇస్తున్నారో కనుక్కుని, దాన్నిబట్టే అడిగాను.

తిరిగి రావాలనుకునేవాళ్లు బయల్దేరకముందే ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు తప్పకుండా తీసుకోండి. నేను ఒక కంపెనీ లెటర్ కోసం ఇంకా మెయిల్స్ పెడుతూనే ఉన్నాను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (నేను చెప్పిన పాత ఉద్యోగాల వివరాలు నిజమేనా అని కొత్త కంపెనీ చేసే తనిఖీ) దాని దగ్గరే ఆగింది.