తమను తామే వెక్కిరించుకునే యానిమేషన్ సినిమాలు ఇంకేమున్నాయి?

మా ఎనిమిదేళ్ల అమ్మాయితో కలిసి 2000లో వచ్చిన ‘ది ఎంపరర్స్ న్యూ గ్రూవ్’ చూశాను. లామా (ఒంటె జాతి జంతువు)గా మారిన రాజు మధ్యలో సినిమానే ఆపేసి, ఈ కథ తనదేగాని అందులోని రైతుది కాదంటూ తెర మీద ఎర్ర గీతలు గీస్తాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి అదే రాజు వానలో ఒంటరిగా తడుస్తుంటే నోరు మెదపలేదు.

‘ది లెగో మూవీ’ (2014)లో లెగో బొమ్మ ఇటుకలన్నింటినీ కదలకుండా జిగురుతో అంటించేయాలనుకునే ప్రతినాయకుడి వెనుక ఒక తండ్రి ఉన్నాడని తేలినప్పుడు నేనే ఇబ్బందిగా కదిలాను. నా పుస్తకాల అరను ఎవరూ ముట్టుకోకూడదు మరి!

ఇలాంటివి ఇంకేమున్నాయి? పెద్దల కోసం జోకులు కుప్పపోసినవి మాత్రం వద్దు. మరో అనుమానం: కథను పదేపదే ఆపి నవ్విస్తే, అందులోని బాధ పిల్లలకు అందుతుందా? మీ ఇంట్లో గమనించినవారు చెప్పండి.