టెర్మినల్ స్క్రోల్‌బ్యాక్‌ను కమాండ్లు చెరిపేయకుండా కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న

నిన్న టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఒక డేటాబేస్ మార్పిడి నాలుగు గంటలు నడిచింది. మధ్యలో వచ్చిన హెచ్చరికలను తరువాత తీరికగా చదవవచ్చని అనుకుని, తెర నిండిపోయిందని అలవాటు కొద్దీ క్లియర్ కమాండ్ ఇచ్చాను. పైకి జరిపి చూస్తే స్క్రోల్‌బ్యాక్‌లో (తెర దాటి పైకి జారిన పాత వరుసల నిల్వలో) ఒక్క వరుస కూడా మిగలలేదు. కంట్రోల్ ఎల్ నొక్కినప్పుడు పాత వరుసలు పైన అలాగే ఉంటున్నాయి కదా, క్లియర్ మాత్రం వాటిని ఎందుకు తుడిచేస్తోంది? తెర శుభ్రపడాలి, చరిత్ర మాత్రం పోకూడదు. ఇందుకు మార్గం ఉందా?

సమాధానం 1

క్లియర్ చేసే పనులు రెండు. మొదట కనిపించే తెరను తుడుస్తుంది; ఆపైన, మీ టెర్మినల్‌కు ఈ3 అనే సామర్థ్యం ఉందని టెర్మ్ఇన్ఫో (ఏ టెర్మినల్ ఏ సంకేతాలను అర్థం చేసుకుంటుందో చెప్పే వివరణల నిల్వ) చెబితే, స్క్రోల్‌బ్యాక్‌ను కూడా తుడిచే సంకేతాన్ని పంపుతుంది. ఈ సంకేతాన్ని 1999లో ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ ప్రవేశపెట్టగా, 2011లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 3.0 కన్సోల్‌లోనూ దానికి చోటు దక్కింది. కంట్రోల్ ఎల్ ఆ రెండో సంకేతాన్ని పంపదు కనుకనే మీకు ఆ తేడా కనిపించింది.

క్లియర్‌కు మైనస్ ఎక్స్ అనే ఆప్షన్ జతచేస్తే చరిత్ర జోలికి వెళ్లదు. దానికొక అలియాస్ (కమాండ్‌కు మారుపేరు) రాసి, షెల్ మొదలైనప్పుడు చదివే బ్యాష్ ఆర్‌సీ ఫైల్‌లో పెట్టుకోండి.

సమాధానం 2

అలియాస్ మంచిదే కానీ, అది మీరు స్వయంగా టైప్ చేసినప్పుడే పనిచేస్తుంది; ఏదైనా స్క్రిప్ట్ లోపలి నుంచి క్లియర్‌ను పిలిస్తే దానికి మీ అలియాస్ సంగతి తెలియదు. అందుకే నేను మూలంలోనే సరిచేసుకున్నాను. టెర్మ్ఇన్ఫో వివరణలను చూపే ఇన్ఫోసీఎంపీ కమాండ్‌తో నా టెర్మినల్ వివరణను, పొడిగింపులతో సహా రావడానికి మైనస్ ఎక్స్ ఇచ్చి, బయటకు తీసి, అందులోని ఈ3 పద్దును తొలగించి, టిక్ కమాండ్‌తో హోమ్ డైరెక్టరీలోని టెర్మ్ఇన్ఫో ఫోల్డర్‌లోకి తిరిగి కూర్చాను. వ్యవస్థ వివరణ కంటే ముందు ఆ ఫోల్డర్‌నే చూస్తారు కనుక రూట్ (నిర్వాహకుడి) అనుమతి అవసరం లేదు. ఎస్ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వేరే యంత్రంలోకి వెళ్లినప్పుడు మాత్రం అక్కడి వివరణే చెల్లుతుంది. ఆ యంత్రంలోనూ ఇదే పని చేసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఈ3 తీసేశాను, క్లియర్ ఇప్పుడు చరిత్రను ముట్టుకోవడం లేదు, ధన్యవాదాలు. అయితే ఫైల్ మారిన ప్రతిసారీ మళ్లీ నడిచే టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ ఇంకా అంతా తుడిచేస్తోంది.

సమాధానం 3

కొన్ని ప్రోగ్రాములు టెర్మ్ఇన్ఫోను సంప్రదించకుండా ఆ సంకేతాన్ని నేరుగా రాసేస్తాయి కనుక, వాటి విషయంలో ఈ3 తీసేసినా ఫలితం ఉండదు. టైప్‌స్క్రిప్ట్‌కు ప్రిజర్వ్ వాచ్ అవుట్‌పుట్ అనే ఆప్షన్ ఉంది. వెబ్ ప్రాజెక్టులు నడిపే వీట్ అనే పనిముట్టులో క్లియర్ స్క్రీన్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేయవచ్చు. ఇలా ఒక్కొక్క పనిముట్టునూ మచ్చిక చేసుకోవడం కన్నా, వీలైతే టెర్మినల్‌లోనే తలుపు మూయడం మేలని నా అభిప్రాయం. పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లోని ఫీచర్స్ పేజీలో, అవతలి యంత్రం స్క్రోల్‌బ్యాక్‌ను తుడవకుండా అడ్డుకునే గడి ఇందుకోసమే ఉంది.

ఇంకొక మాట, మీ నాలుగు గంటల పని గురించి. స్క్రోల్‌బ్యాక్‌కు ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది: ఎక్స్‌టెర్మ్‌లో మామూలుగా 1024 వరుసలు, ఒకే తెరలో పలు టెర్మినళ్లు నడిపే టీమక్స్‌లో 2000. క్లియర్ ఇవ్వకపోయినా మీ తొలి హెచ్చరికలు ఆ హద్దు దాటి జారిపోయి ఉండవచ్చు. అలాంటి పనిని స్క్రిప్ట్ అనే కమాండ్ కింద మొదలుపెడితే తెరపై కనిపించినదంతా ఫైల్‌లో చేరుతుంది, తరువాత ఏ సంకేతం వచ్చినా అందులోని పాత వరుసలు చెరగవు. ఆ ఫైల్‌లో రహస్య కీలు కూడా పడే వీలుంది. ఇతరులు చదవలేని విధంగా అనుమతులు పెట్టడం మరచిపోకండి.