డిపాజిట్ నాది, అద్దె నాది, సర్దుకుపోవాల్సిందీ నేనేనా?

మల్లెపందిరి:
మాది నంద్యాల, ఉండేది బెంగళూరు బెళ్లందూరులో. కాలేజీ అయిపోయినప్పటి నుంచి ఒకబ్బాయితో ఉన్నా. అతని ఉద్యోగం పోతే అద్దె నేనే కట్టా. ఇంటి డిపాజిట్ నాదే. నా క్రెడిట్ కార్డు మీద అతనికి యాడ్-ఆన్ కార్డు కూడా ఉంది. ఇప్పుడు అతనికి మంచి ఉద్యోగం వచ్చింది, వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారు. అడిగితే "అమ్మ ఒప్పుకోదు, నువ్వే అర్థం చేసుకో" అంటాడు. నేను వెళ్లిపోతున్నా. వెళ్లాలా వద్దా అని అడగట్లేదు. ఇలా బయటికొచ్చినవాళ్లు ముందు ఏమేం తెంపుకున్నారో చెప్పండి.

కందిపొడి:
కార్డు. అతను గీకిన ప్రతి రూపాయీ నీ బిల్లే, కట్టకపోతే దెబ్బతినే సిబిల్ స్కోరూ నీదే. బ్లాక్ చేశాక చెప్పు, చెప్పాక బ్లాక్ చేయకు. మా రూమ్మేటు మర్యాదగా ముందే చెప్పింది. ఆ వారంలోనే కొత్త ఫోను కొన్నాడు మహానుభావుడు!

సిల్క్‌బోర్డు బాధితుడు:
ప్రేమలో ఈ లెక్కలేంటండీ? ఇష్టపడే కదా ఇచ్చారు. వదిలేసి హుందాగా వెళ్లొచ్చు.

కందిపొడి:
ఇష్టపడే ఇచ్చింది. ఆ ఇష్టానికి విలువ లేదని తెలిశాక కూడా అతను తీసుకోవడం ఆపాడా? హుందాతనం ఎప్పుడూ ఇచ్చినవాళ్లకే ఎందుకో.

లాయరమ్మ:
ఇష్టంగా ఇచ్చిన కానుకలు తిరిగి రావు. అప్పుగా ఇచ్చినదైతే, సాధారణంగా ఇచ్చిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. అందుకే కోపంలో చాట్లు చెరిపేయకు. "జీతం రాగానే ఇచ్చేస్తా" అన్న మెసేజులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకో. 2005 గృహహింస చట్టం పెళ్లి లాంటి సహజీవనానికీ వర్తిస్తుంది, ఆర్థిక వేధింపునూ లెక్కలోకి తీసుకుంటుంది. కాకపోతే కలిసున్న ప్రతి జంటకీ కాదు. సమాజం ముందు భార్యాభర్తల్లా చాలాకాలం ఉన్నారా అన్నది కోర్టు చూస్తుంది, 2010లో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. ఇంకోటి, పెళ్లి చేసుకుంటానని నమ్మించినందుకు కేసు పెట్టమని ఎవరైనా ఎగదోస్తారు. భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ ఉంది కానీ, మాట ఇచ్చిన రోజే నిలబెట్టుకునే ఉద్దేశం లేదని తేలాలి. తర్వాత మనసు మారడం వేరు.

పాలమూరు పిల్ల:
చెల్లే, నేను గూడ గట్లనే మారతహళ్లిల సామాను సర్దుకొని వచ్చిన. పైసల కంటే ఫోనుతోని కష్టమైంది. "తిన్నవా?" అని ఒక్క మెసేజు పెడ్తడు, మన పానం కరిగిపోతది. జవాబు ఇయ్యకు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే 14416కు ఫోను చెయ్యి, టెలీ మానస్ అని మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైను, పైసలు పడవు, తెలుగుల మాట్లాడొచ్చు. బెదిరింపులకు దిగితే పోలీసులకు 112.

ఓనరాంటీ బాధితురాలు:
డిపాజిట్ సంగతి ఎవరూ చెప్పలేదే! అగ్రిమెంటులో ఎవరి పేరుంది? ఇద్దరిదీ ఉంటే, డబ్బు నీ ఖాతాకే వేయాలని ఓనరుకు ఈమెయిల్ పెట్టి అతని ఒప్పుదలా రాయించుకో. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఈ ఊళ్లో మామూలే, దానికి సిద్ధపడు. గోడలు, గీజరు, తలుపులు వీడియో తీసి పెట్టుకో.

మల్లెపందిరి:
అగ్రిమెంటు నా పేరు మీదే ఉంది, దేవుడి దయ. కార్డు ఇందాకే ఆపేశా. బయటున్న అతని నుంచి అరగంటలో మూడు కాల్స్ వచ్చాయి, అన్నీ "కార్డు పనిచేయట్లేదు" అనే. ఒక్కసారీ "ఎందుకు వెళ్తున్నావు" అని లేదు.
పండగలకి కొన్నవి అడగను. బైకు డౌన్‌పేమెంటు మాత్రం అడుగుతా, "అప్పుగా ఇవ్వు" అని అతనే రాసిన మెసేజుంది. మడివాళలో తెలుగువాళ్ల పీజీలు బావుంటాయా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
బావుంటాయి, భోజనం మనదే. ఆఫీసు ఎటువైపు? వైట్‌ఫీల్డ్ అయితే మాత్రం రోజూ సిల్క్‌బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటాలి, నా పేరు చూశారుగా. మారతహళ్లిలోనే వెతకండి.