ఆ పదివేలు సాయమా, అప్పా?

టిఫిన్ బండి, విజయనగరం:
కాంప్లెక్స్ దగ్గర మాది ఇడ్లీ బండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన రోజు రుబ్బిన పిండంతా పారబోశాను. ఆ పులిసిన వాసన ఇంకా మర్చిపోలేదు. జూన్‌లో మా మావయ్యకి టైలర్ కింద జగనన్న చేదోడు పథకంలో 10,000 పడ్డాయి. తరవాత నాకు పీఎం స్వనిధి పథకంలో 10,000 వచ్చాయి. ఇప్పుడు బ్యాంకు వాళ్లు వాయిదా కట్టమంటున్నారు. మావయ్యని అడగలేదే, నన్నెందుకు అడుగుతున్నారు?

టైలర్, బొబ్బిలి:
అమ్మా, రెండూ ఒకటి కావు. చేదోడు రాష్ట్రం ఇచ్చిన సాయం. దర్జీలకి, రజకులకి, నాయీబ్రాహ్మణులకి ఇచ్చారు, తిరిగి కట్టక్కర్లేదు. ఆ డబ్బుని పాత బాకీ కింద బ్యాంకు పట్టుకోకూడదని కూడా చెప్పారు. పెళ్లిళ్ల సీజను మొత్తం పోయింది కదా, నాకు ఆ డబ్బుతోనే షాపు అద్దె తీరింది. స్వనిధి కేంద్రం వీధి వ్యాపారులకి ఇప్పించిన అప్పు. తాకట్టు లేదు గానీ ఏడాదిలో నెలనెలా కట్టాలి.

ఆటో డ్రైవర్, ఆమదాలవలస:
అక్కా, వాయిదా తప్పకుండా కట్టు. సమయానికి కడితే 7 శాతం వడ్డీ రాయితీ నీ ఖాతాలోనే పడుతుంది, అంతా తీరాక ఇంకా పెద్ద అప్పు అడగొచ్చు. మా ఆటోవాళ్లకి రాష్ట్రం నుంచి వాహనమిత్ర కింద 10,000 వచ్చింది, అదీ సాయమే. కానీ సొంత ఆటో ఉన్నోళ్లకే. అద్దెకి తోలే మా తమ్ముడికి రాలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

టిఫిన్ బండి, విజయనగరం:
ఇచ్చినప్పుడే ఎవరైనా ఇలా చెప్పుంటే బాగుండేది. సోమవారం మొదటి వాయిదా కట్టేస్తాను తమ్ముడూ.